మిషన్ స్కూల్లో సీటు: చరిత్ర నుంచి టీసీ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు వస్తే నా ఫోను మోగడం మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఒక పాత కాన్వెంటు ఆఫీసు కిటికీ వెనక పదకొండేళ్లు కూర్చుని ఫారాలు అందుకున్నాను. చుట్టాలూ, చుట్టాల అపార్ట్‌మెంటు వాళ్లూ, వాళ్ల వాట్సాప్ గ్రూపు వాళ్లూ ఏటా అవే ప్రశ్నలు అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ గొంతు పోయింది, అందుకే రాసి పెడుతున్నాను. సగం ప్రశ్నలకు జవాబు ఈనాటి రూలులో దొరకదు, స్కూలు పుట్టిన కాలంలో దొరుకుతుంది. ఫారంలో వింతగా కనిపించే గడులన్నీ ఆ కాలం నుంచి వచ్చినవే. కాబట్టి చరిత్ర కూడా కలిపాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## ఏ స్కూలా అని ఆలోచిస్తున్నప్పుడు

మిషన్ స్కూలు, కాన్వెంటు, సెయింట్ ఫలానా... అన్నీ ఒకటేనా?

కాదు. కాన్వెంటు అంటే నిజానికి క్యాథలిక్ సిస్టర్లు ఉండే మఠం. వాళ్లు నడిపే బడికి ఆ పేరు అంటుకుంది. తర్వాత మనవాళ్లు కిరాణా కొట్టు మేడ మీద రెండు గదుల్లో ఇంగ్లీషు చెప్పేదాన్నీ కాన్వెంటనేశారు.

మిషన్ స్కూళ్లలో రెండు పాయలున్నాయి. క్యాథలిక్ బళ్లను సిస్టర్లో బ్రదర్లో డయాసిసో (ఒక బిషప్పు కింద ఉండే చర్చిల వ్యవస్థ) నడుపుతాయి. గన్‌ఫౌండ్రీలోని రోజరీ కాన్వెంట్ (1904) సిస్టర్లది, చిరాగ్ అలీ లేన్‌లోని లిటిల్ ఫ్లవర్ (1953) మోంట్‌ఫోర్ట్ బ్రదర్లది. రెండో పాయ ప్రొటెస్టెంట్లది. చాపెల్ రోడ్‌లోని స్టాన్లీ గర్ల్స్ హైస్కూల్ (1895) మెథడిస్టులు పెట్టింది. ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ (1834) ఆంగ్లికన్లది.

ఇక బోర్డు మీద 'సెయింట్' అన్న మాట చూసి మోసపోకండి. ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫీజు రసీదు మీద కింద చిన్న అక్షరాల్లో సొసైటీ పేరో డయాసిస్ పేరో ఉంటుంది, అది చదవండి. క్రైస్తవ మైనారిటీ సర్టిఫికెట్ ఉందా అని ఆఫీసులో అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇవి బ్రిటిష్ వాళ్ల బళ్లు కదా, నిజాం రాజ్యంలోకి ఎలా వచ్చాయి?

హైదరాబాద్ నిజాందే. కానీ కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ (బ్రిటిష్ ప్రతినిధి ఉండే చోటు) ఉండేది, 1806లో పేరు పెట్టిన సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు, అంటే సైనికుల శిబిరం, ఉండేది. సైనికుల పిల్లలకూ, ఆఫీసర్ల పిల్లలకూ, ఆంగ్లో-ఇండియన్ (యూరోపియన్, భారతీయ మూలాలు కలిసిన) కుటుంబాలకూ చర్చి కావాలి, చర్చి పక్కన బడి కావాలి. సెయింట్ జార్జెస్ 1834లో వచ్చింది, అంటే మన దేశంలో ఇంగ్లీషు చదువు పెట్టాలంటూ మెకాలే తన ప్రసిద్ధమైన పత్రం రాయడానికి ఏడాది ముందే. ఆల్ సెయింట్స్ 1855లో, సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ 1871లో మొదలయ్యాయి. అప్పటి దర్బారు భాష ఫారసీ, తర్వాత ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమమే. అంత ఉర్దూ మధ్యలో ఈ ఇంగ్లీషు బళ్లు గోడల లోపల దీవుల్లా ఉండేవి. ఒకసారి మ్యాపు తీసి చూడండి: ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ, చాపెల్ రోడ్, సికింద్రాబాద్. పాత మిషన్ స్కూళ్లలో ఎక్కువ భాగం రెసిడెన్సీకో కంటోన్మెంటుకో కూతవేటు దూరంలోనే ఉన్నాయి. మాదాపూర్‌లో పాత మిషన్ స్కూలు ఎందుకు లేదని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

కోస్తాలో కథ వేరు. అక్కడ ఈస్టిండియా కంపెనీ రాజ్యమే. 1813 చార్టర్ చట్టంతో మిషనరీలకు దారి తెరుచుకుంది, 1854 వుడ్స్ డిస్పాచ్ అనే విద్యా విధాన పత్రంతో బళ్లకు గ్రాంట్లు మొదలయ్యాయి. మచిలీపట్నంలో నోబుల్ బడి 1843లో, విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ 1847లో వచ్చాయి. అయితే వచ్చిన వాళ్లందరూ బ్రిటిష్ వాళ్లు కారు. హైదరాబాద్ క్యాథలిక్ మిషన్‌లో ఇటలీ ఫాదర్లు పనిచేశారు, గుంటూరుకు అమెరికా లూథరన్లు వచ్చారు, విశాఖలో టింపనీ స్కూలు (1931) కెనడా బాప్టిస్టులది.

మతం మార్చడానికే పెట్టారంటారు, నిజమేనా?

పెట్టినవాళ్ల మనసులో ఆ ఆశ ఉండేది. వాళ్లు దాన్ని దాచుకోనూ లేదు. జరిగింది మాత్రం వేరు. మచిలీపట్నం కథే చూడండి.

మిషనరీ రాబర్ట్ నోబుల్ 1841లో వచ్చి, 1843లో బడి తెరిచాడు. పెద్ద కులాల పిల్లలకు ఇంగ్లీషు, దాంతోపాటు బైబిల్. తల్లిదండ్రులకు బైబిల్ పాఠం సంగతి తెలుసు. తెలిసే పంపారు, ఎందుకంటే కోర్టులో, కలెక్టరు కచేరీలో ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి మళ్లీ నిండింది. చదువు చెప్పే తీరు నచ్చినవాళ్లు కోపాన్ని దిగమింగుకుని పిల్లల్ని వెనక్కి పంపారు. నోబుల్ ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లకుండా 1865లో ఆ ఊళ్లోనే పోయాడు. ఆ తర్వాత, కాలేజీగా ఎదిగిన ఆ బడిలో, క్రైస్తవుడు కాని బ్రహ్మసమాజి సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పాఠాలు చెప్పారు.

మా తాతగారి తరం దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసేది: "వాళ్ల బైబిల్ వాళ్లది, మన ఇంగ్లీషు మనది."

మొదటి నుంచీ అన్ని కులాల వాళ్లనూ చేర్చుకున్నారా?

లేదు. దీని గురించి స్కూలు సావనీర్లలో పెద్దగా రాయరు. పట్నాల్లో పెట్టిన ఇంగ్లీషు బళ్లు చాలావరకు పై కులాల పిల్లల కోసం, లేదంటే దొరల పిల్లల కోసం. నోబుల్ అయితే అంటరానివారని ఊరు వెలివేసిన కులాల పిల్లల్ని చేర్చుకోలేదు, చేర్చుకుంటే మిగతావాళ్లు రారని.

పల్లెల్లో మిషన్లు నడిపిన బళ్లు వేరు. ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ మాదిగ పేటల్లో పనిచేశాడు. 1876-78 కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పేటల్లో వచ్చిన బడి తెలుగు బడి. పలక పట్టడమే అక్కడ విప్లవం. ఒకే మిషన్ సొమ్ముతో ఒక చోట ఇంగ్లీషు బడి, ఇంకోచోట చెట్టు కింద తెలుగు బడి. ఈ రెండు బళ్ల పిల్లలూ కలిసి ఒకే గేటు నుంచి లోపలికి రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

స్కూలు పేరులో 'ఆంగ్లో-ఇండియన్' అని ఉంది, మా పిల్లాడికి సీటిస్తారా?

ఇస్తారు. ఆ మాట పాత గుర్తుగా మిగిలింది. ఒకప్పుడు వీటిని యూరోపియన్ స్కూళ్లనేవారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆంగ్లో-ఇండియన్ బళ్లకు పదేళ్లపాటు ప్రత్యేక గ్రాంట్లు కొనసాగించమని రాజ్యాంగం 337వ అధికరణంలో చెప్పింది. కానీ ఒక మెలిక పెట్టింది: ఏటా చేర్చుకునే సీట్లలో కనీసం 40 శాతం ఇతరులకు అందుబాటులో ఉంచితేనే గ్రాంటు. నాకు చాలా ఇష్టమైన అధికరణం ఇది. ఒక్క వాక్యంతో గేటు తెరిపించింది. తర్వాత ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ వెళ్లిపోయాయి. బోర్డు మీద పేరు మిగిలింది, బెంచీల మీద మన పిల్లలున్నారు.

## ఫారం కొనకముందు

మేం క్రైస్తవులం కాదు, అప్లై చేయడం దండగేనా?

దండగ కాదు. నేనున్నన్నాళ్లూ ఏ క్లాసులోనూ క్రైస్తవ పిల్లలు సగం దాటలేదు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థను నడుపుకునే హక్కునిచ్చింది. కాబట్టి తమ వాళ్లకు ముందు సీటివ్వచ్చు. ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే సంస్థ అయితే కేవలం మతం పేరో కులం పేరో చెప్పి ఎవరికీ సీటు నిరాకరించకూడదని 29వ అధికరణం అంటుంది.

మామూలుగా వరుస ఇలా ఉంటుంది: విచారణకు (అంటే ఆ చర్చి పరిధికి) చెందిన క్రైస్తవ పిల్లలు, అదే స్కూల్లో అన్నో అక్కో చదువుతున్నవాళ్లు, స్టాఫ్ పిల్లలు, పాత విద్యార్థుల పిల్లలు. ఆ తర్వాత మిగతావాళ్లు. ఈ చివరి గుంపులో ఇంటి దూరం బాగా పనిచేస్తుంది. మూడేళ్ల పిల్లని కూకట్‌పల్లి నుంచి ఆబిడ్స్‌కు రోజూ తీసుకొస్తామంటే ఏ సిస్టరైనా ముందు ఆ పిల్ల ముఖం చూస్తుంది.

విద్యాహక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు ఇక్కడ వర్తిస్తాయా?

గుర్తింపు ఉన్న మైనారిటీ స్కూలుకు ప్రస్తుతం వర్తించవు. ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2014 మే 6న ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తేల్చింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు మీద సందేహం లేవనెత్తి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచారు. పెద్ద ధర్మాసనం వేరే మాట చెప్పేదాకా పాత తీర్పే నడుస్తుంది.

ఒక చిన్న కిటుకు. పేరు 'సెయింట్'తో మొదలైనా మైనారిటీ హోదా లేని ప్రైవేటు స్కూలుకు ఈ మినహాయింపు లేదు. అందుకే సర్టిఫికెట్ సంగతి కనుక్కోవాలి.

నర్సరీకి ఎన్నేళ్లు నిండాలి?

చాలా స్కూళ్లు మూడేళ్లు అంటాయి. ఏ తేదీకి మూడేళ్లు అన్నదే అసలు విషయం. ఒక స్కూలు మే నెలాఖరు అంటుంది, ఇంకోటి జూన్ అంటుంది. నోటీసు బోర్డు ఫోటో తీసుకోండి, పక్కింటావిడ మాట నమ్మకండి. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు అంటోంది, దాన్ని బట్టి స్కూళ్లు తేదీలను జరుపుతున్నాయి. నాలుగు రోజుల తేడాతో వయసు చాలని పిల్లల అమ్మానాన్నలు నా కిటికీ దగ్గర ఏడ్చిన సందర్భాలున్నాయి. తేదీ మార్చిన సర్టిఫికెట్ తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి. పదో తరగతి మెమో మీద ఆ అబద్ధపు తేదీ పడితే, ఉద్యోగం దాకా వెంటాడుతుంది.

ఫారాలు ఎప్పుడిస్తారు? పొద్దున్నే లైన్లో నిలబడాలా?

పాత స్కూళ్లలో ఎక్కువగా నవంబరు, జనవరి మధ్య ఇస్తారు, తరగతులు జూన్‌లో మొదలవుతాయి. ఇప్పుడు చాలాచోట్ల ఆన్‌లైనే. నేను చేరిన కొత్తలో అయితే రాత్రి రెండింటికే గేటు ముందు ఇటుకలు, చెప్పులు, ప్లాస్టిక్ సంచులు లైను కట్టేవి. సంచి మీద ఇంటిపేరు రాసి, మనిషి ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. ఓసారి తెల్లారేసరికి ఎవరో ఇటుకలన్నీ పోగేసి చలిమంటకు పొయ్యి పేర్చారు. ఆ రోజు గేటు దగ్గర జరిగిన యుద్ధం ఇప్పటికీ వాచ్‌మన్ కథగా చెబుతాడు. ముందు తీసుకున్న ఫారానికి ముందు సీటు రాదు. గడువు లోపల ఇస్తే చాలు.

డొనేషన్ ఎంత? ఎమ్మెల్యే లెటర్ తేనా?

సీటు కోసం డొనేషన్ తీసుకోవడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983 చట్టంతోనే నేరం. మధ్యవర్తి ఎవరైనా "ఫాదర్ మా వాడే, రెండు లక్షలివ్వండి" అన్నాడంటే ఆ డబ్బు ఫాదర్ దాకా వెళ్తుందని అనుకోకండి. అలా మోసపోయి రసీదు కూడా లేకుండా ఆఫీసుకొచ్చినవాళ్లను చూశాను. కట్టేదేదైనా స్కూలు పేరున, రసీదుతోనే.

సిఫార్సు లెటర్ల సంగతంటారా, మా బీరువాలో ఒక అరంతా అవే. ఒకే నాయకుడు నలభై మందికి ఒకే లెటర్ ఇస్తే దాని విలువెంతో మీరే లెక్కేసుకోండి. కొన్ని పనిచేయలేదని చెప్పను. కానీ విచారణ గురువు, అంటే ఆ చర్చి ఫాదర్, రాసిన నాలుగు వాక్యాలు మంత్రిగారి లెటర్‌హెడ్ కన్నా బరువు తూగడం ఎన్నోసార్లు చూశాను.

## ఫారం నింపేటప్పుడు

ఏ కాగితాలు కావాలి?

జనన ధ్రువపత్రం, ఫోటోలు, చిరునామా రుజువు, టీకాల కార్డు. క్రైస్తవులైతే చర్చి పత్రం. పై తరగతికైతే టీసీ, మార్కుల కార్డు.

వీటిలో జనన ధ్రువపత్రం దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఆస్పత్రివాళ్లు పుట్టినరోజే నమోదు చేస్తారు, అప్పటికి పేరు పెట్టరు. సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా 'బేబీ ఆఫ్ ఫలానా' అని ఉంటుంది. బారసాల ఘనంగా చేస్తారు, ఆ పేరు మున్సిపాలిటీకి చెప్పడం మరిచిపోతారు. మీసేవలో పేరు చేర్పించుకోవచ్చు. ఫారం గడువుకు రెండు నెలల ముందే ఆ పని చేయండి.

2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ఆ తేదీనో తర్వాతో పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. ఆ పిల్లలు ఇప్పుడిప్పుడే నర్సరీ వయసుకొస్తున్నారు. నోటరీ అఫిడవిట్‌తో గడిచిపోయే రోజులు అయిపోయాయి.

పాపకు ఇంకా ఆధార్ లేదు, ఫారం తీసుకోరా?

తీసుకోవాలి. బడి అడ్మిషన్‌కు ఆధార్ తప్పనిసరి చేయకూడదని సుప్రీంకోర్టు 2018 ఆధార్ తీర్పులో స్పష్టంగా చెప్పింది. కాకపోతే పిల్లల వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు ఆఫీసువాళ్లు అడుగుతారు, వాళ్ల తలనొప్పి వాళ్లది. ఎలాగూ తీస్తారు గనక, ఆధార్‌లో పేరు స్పెల్లింగు జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే ఉండేలా చూసుకోండి. ఒకదాంట్లో 'సాయి', ఇంకోదాంట్లో 'సాయీ' ఉంటే తర్వాత దిద్దించుకోవడానికి తిరగాల్సింది మీరే.

మతం, కులం గడులు నింపాలా? మేం ఎస్సీ, చర్చికి వెళ్తాం. ఏం రాయాలి?

నింపే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. కిటికీ దగ్గర నిలబడి తేల్చుకునే సంగతి కాదిది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలనూ వాళ్ల సంతానాన్నీ మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి కింద లెక్కిస్తారు, ఆ కోటా ఒక శాతం. అందుకని ఆదివారం చర్చిలో కూర్చునే ఎన్నో కుటుంబాల సర్టిఫికెట్‌లో 'హిందూ మాల', 'హిందూ మాదిగ' అనే ఉంటుంది. విచారణ కోటాలో సీటు కోసం బాప్తిస్మం పత్రం జతచేసి, స్కాలర్‌షిప్ కోసం ఎస్సీ సర్టిఫికెట్ పెడితే ఒకే ఫైల్లో రెండు కాగితాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఏది నిజమో మీకు తెలుసు. ఏది రాస్తే ఏది పోతుందో తెలుసుకుని రాయండి. ఈ గడి దగ్గర పెన్ను ఆగిపోయిన తండ్రుల్ని చూసినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపించేది.

'జ్ఞానస్నానం' అని ఉంది ఫారంలో. మాకు బాప్తిస్మం అయింది, అది పనికిరాదా?

పనికొస్తుంది, రెండూ ఒకటే. క్యాథలిక్కులు జ్ఞానస్నానం అంటారు, ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం అంటారు. అయితే క్యాథలిక్ స్కూలు తన డయాసిస్ పిల్లలకు మొదటి వరుస ఇచ్చి, ఇతర సంఘాల వాళ్లను తర్వాతి వరుసలో పెట్టొచ్చు. పాస్టరు గారి లెటర్ మీద సంఘం పేరూ తేదీ ఉండేలా చూడండి.

## పిలుపు వచ్చాక

పిల్లల్ని ఏం అడుగుతారు? కోచింగ్ ఇప్పించాలా?

వద్దు. పేరు, రంగులు, ఒక బొమ్మ చూపించి ఇదేంటని. అమ్మ చేయి వదిలి ఐదు నిమిషాలు కూర్చోగలదా అని చూస్తారు, అంతే. ఒక బుడతణ్ణి సిస్టర్ "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది. వాడు నోరు విప్పడు. బుజ్జగించి తెలుగులో అడిగితే మెల్లగా అన్నాడు: "తెలుగు మాట్లాడితే సీటివ్వరంట, అమ్మ చెప్పింది." సిస్టర్‌ది కడప. నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి లేచిపోయింది. వాడికి సీటొచ్చింది.

మాకిద్దరికీ ఇంగ్లీషు రాదు, సీటివ్వరా?

తల్లిదండ్రులతో మాట్లాడేది ఇంగ్లీషు చూడటానికి కాదు. ఫీజు సమయానికి కడతారా, పిల్లని ఎవరు దింపుతారు, ఇంట్లో ఎవరుంటారు, ఇవే అడుగుతారు. తెలుగులో చక్కగా చెప్పండి, ఉర్దూ అయినా నడుస్తుంది. రాని ఇంగ్లీషులో తడబడితే మీరు చెప్పాలనుకున్నదే పోతుంది.

లిస్టులో పేరు లేదు, ఇంక అంతేనా?

కాదు. రెండు మూడు స్కూళ్లలో సీటొచ్చినవాళ్లు ఒకటి వదులుతారు. ఫీజు గడువు ముగిసిన మర్నాడు ఆఫీసుకు వెళ్లి వెయిటింగ్ లిస్టు అడగండి. రోజూ వెళ్లి నిలబడకండి, ఫోను నంబరు సరిగ్గా ఇవ్వండి. నంబరు మారిపోయి సీటు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఏడూ ఉండేవారు.

## చేరాక

ప్రార్థన చేయాలా? బైబిల్ క్లాసు తప్పనిసరా?

పొద్దున అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది. మత బోధన విషయంలో 28వ అధికరణం ఉంది: ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న సంస్థలో, పిల్లల సంరక్షకుల అనుమతి లేకుండా మత బోధనకో ఆరాధనకో హాజరుకమ్మనకూడదు. అందుకే క్యాథలిక్ బళ్లలో క్రైస్తవ పిల్లలు క్యాటకిజానికి (క్రైస్తవ మత పాఠానికి) వెళ్తే, మిగతావాళ్లకు అదే పీరియడ్‌లో మోరల్ సైన్స్ ఉంటుంది. మీకు ఇష్టం లేకపోతే డైరీలో రాసి పంపండి.

తెలుగు తప్పించుకోవచ్చా? హిందీయో ఫ్రెంచో తీసుకుంటాం.

తెలంగాణలో కుదరదు. 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పది దాకా, ఏ బోర్డైనా ఏ మేనేజ్‌మెంటైనా, తెలుగు నేర్పాలి. మైనారిటీ స్కూలైనా అంతే. అమెరికా నుంచి వచ్చిన పిల్లలకైతే ఒకటో తరగతి వాచకం ఇంట్లో ముందే మొదలుపెట్టండి. అమ్మమ్మ ఉంటే ట్యూషన్ అక్కర్లేదు.

మధ్యలో వేరే స్కూలుకు మారితే టీసీ ఇవ్వడానికి సతాయిస్తారా?

ఫీజు బకాయి లేకపోతే, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేస్తే, వారం లోపే చేతికొస్తుంది. అర్జీ తెల్లకాగితం మీద తల్లో తండ్రో సంతకంతో ఇవ్వాలి. వేరే రాష్ట్రానికి వెళ్తుంటే విద్యాశాఖ అధికారి సంతకం కూడా కావాలేమో చేరబోయే స్కూల్లో ముందే కనుక్కోండి. టీసీ అందుకోగానే అక్కడే నిలబడి పుట్టిన తేదీ, ఇంటిపేరు, తండ్రి పేరు చదవండి. తప్పుంటే రిజిస్టరు పక్కనే ఉంటుంది గనక పది నిమిషాల్లో దిద్దుతారు.